ఉపాధ్యాయుల పని జీవితం: ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉన్న మార్గాలు

ఉపాధ్యాయుల జీతాలూ, ఖాళీ పోస్టుల భర్తీ మీ చేతిలో లేకపోవచ్చు గానీ, బడిలో వారి రోజు ఎలా గడుస్తుందన్నది చాలావరకు మీ నిర్ణయాలను బట్టే ఉంటుంది. పని జీవిత నాణ్యతకు మేనేజ్‌మెంట్ ఆచార్యుడు రిచర్డ్ వాల్టన్ 1973లో సూచించిన ఎనిమిది ప్రమాణాల్లో న్యాయమైన వేతనంతో పాటు, సామర్థ్యాలను వినియోగించుకునే అవకాశం, ఉద్యోగి హక్కులకు గౌరవం, పనికీ సొంత జీవితానికీ మధ్య సమతూకం కూడా ఉన్నాయి. వేతనాన్ని మినహాయిస్తే, వీటిలో బడి స్థాయిలో చక్కదిద్దుకోగలిగినవే ఎక్కువ.

ముందుగా సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు తెరవండి. సెలవులో ఉన్నవారి తరగతులకు గత నెలలో ఎవరిని ఎన్నిసార్లు పంపారో పేర్లవారీగా లెక్క వేయండి. కాదనడం చేతకాని ఒకరిద్దరి పేర్లే పదేపదే కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అలాంటివారు స్టాఫ్ మీటింగులోనూ నోరు విప్పరు కాబట్టి, అక్కడ పని ఒత్తిడిపై ఎంత చర్చించినా ఈ సంగతి బయటపడదు. లెక్క తేలాక వంతుల జాబితా రాసి స్టాఫ్ రూమ్ గోడకు అంటించండి. వారంలో కొన్ని ఖాళీ పీరియడ్లను దిద్దుబాటుకూ పాఠం తయారీకీ కేటాయించి, వాటి జోలికి వెళ్లకండి.

పని భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువైనప్పుడు ఒత్తిడి తీవ్రమవుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. భారాన్ని తగ్గించలేని చోట స్వేచ్ఛనైనా పెంచవచ్చు: పాఠాల వరుస, యూనిట్ పరీక్షల తేదీలు, హోంవర్క్ పరిమాణం వంటివి ఆయా సబ్జెక్టుల వారికే వదిలేయండి. నిర్ణయం ముందే జరిగిపోయి ఉంటే మాత్రం అభిప్రాయాలు అడగకండి; అసలు అడగకపోవడం కన్నా అది ఎక్కువ నొప్పిస్తుంది.

తరగతి పరిశీలనకు వెళ్లినప్పుడు పాఠం మధ్యలో, పిల్లల ఎదుట తప్పులు ఎత్తిచూపకండి. అదే రోజు విడిగా కూర్చుని, "ఈ పాఠంలో మీరు ఏం సాధించాలనుకున్నారు?" అని అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే మీ మాట చెప్పండి.

మూడో నెలలో రిజిస్టరు తెరిచి మళ్లీ అదే లెక్క వేయండి. గోడమీద జాబితా ఉన్నా పాత పేర్లే ఎక్కువగా కనిపిస్తున్నాయంటే, వంతు చూడకుండా నోటిమాటగా పంపుతున్నది ఎవరో కనుక్కోవాలి. అది మీరే అయ్యే అవకాశమూ ఉంది.