పాత షేవింగ్ బ్రష్షు బాగుచేత – 3వ పాఠం: కుచ్చు ఊడొచ్చిన వాళ్లకి

ఈ పాఠంలో పిడి పాలిష్ గురించి చెప్పాలి. చెప్పను. పోయిన పాఠం చదివి బ్రష్షు కడిగిన వాళ్లలో నాకు తెలిసి నలుగురికి వెంట్రుకల కుచ్చు పిడిలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. వాళ్లలో ఒకాయన మా వీధి చివరే ఉంటారు. పొద్దున్నే, నేను కాఫీ కూడా తాగకముందు, ఒక చేతిలో పిడి, ఇంకో చేతిలో కుచ్చు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. "ఏటండి మాస్టారూ, కడగమన్నారని కడిగితే ఇలగైపోనాదేటి?" అన్నారు.

తప్పు నాదే. "వేడి నీళ్లలో నానబెట్టండి" అని రాశాను గానీ ఎంత వేడో రాయలేదు. మా ఇంట్లో వేడి నీళ్లంటే చంటిపిల్లకి పోసే నీళ్లు. ఆయనింట్లో పొయ్యి మీద కుతకుతలాడుతుండగా దించిన నీళ్లు. పాత బ్రష్షుల్లో కుచ్చుని పిడిలో పట్టి ఉంచేది రబ్బరో, లక్కలాంటి రెసినో. ఏళ్లు గడిచి అసలే నీరసపడి ఉంటుంది, మరుగు నీళ్లు తగిలేసరికి వదిలేస్తుంది. వెంట్రుక కూడా మన జుట్టు లాంటిదే, ఉడికితే పెళుసెక్కుతుంది. ఇక మీదట నేను వేడి అన్నానంటే 40 డిగ్రీలు. థర్మామీటరు అక్కర్లేదు, మోచెయ్యి ముంచితే హాయిగా ఉండాలి.

రాజాం నుంచి ఇంకొకరు బ్రష్షుని వెనిగర్‌లో రాత్రంతా ఉంచారట. ఇత్తడి పట్టీ ఎర్రగా మారిందని బాధపడుతున్నారు. ఇది నా తప్పు కాదు. పది వంతుల నీళ్లకి ఒక వంతు వెనిగర్, 5 నిమిషాలు అని స్పష్టంగా రాశాను. బోరు నీళ్లలోని సున్నంతో సబ్బు కలిసి వెంట్రుకల మొదట్లో తెల్లగా పేరుకుంటుంది. దాన్ని వదిలించడం వరకే వెనిగర్ పని. చింతపండుతో ఇత్తడి బిందె తోమి కడగకుండా వదిలేస్తే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. బుడితి ఇత్తడి సామాను వాడే ఇళ్లలో ఈ మాట చెప్పక్కర్లేదు.

సరే, ఊడిన కుచ్చు సంగతి.

ముందు తిరగేసి అడుగు చూడండి. వెంట్రుకలన్నీ ఒక గట్టి బిళ్లలో, వక్కలా బిగిసి ఉంటే మీరు అదృష్టవంతులు, అదే కుచ్చుని మళ్లీ అతికించొచ్చు. వెంట్రుకలు విడిపోయి గుప్పెట్లోకి రాలుతుంటే మాత్రం దారం చుట్టి కట్టే ప్రయత్నం చెయ్యకండి. నేను రెండు సాయంత్రాలు చేశాను. చివరికి తయారైంది బ్రష్షు కాదు, అరిగిన చీపురు. కొత్త కుచ్చులు విడిగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పంది వెంట్రుకలవి, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలవి, సింథటిక్‌వి ఉంటాయి. నా ఓటు సింథటిక్‌కే. మన ఉత్తరాంధ్ర సముద్రం గాలి తగిలే ప్రాంతం. శ్రావణంలో బ్యాడ్జర్ కుచ్చు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఈలోగా తడిసిన కుక్క వాసన. అసలు జంతువు వెంట్రుకలే కావాలనే వాళ్లతో నాకు గొడవ లేదు, కిటికీ పక్కన పెట్టుకోండి.

నరసన్నపేట నుంచి ఒకరు అడిగింది వేరే రకం ప్రశ్న. వాళ్ల ముత్తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లినప్పుడు వాడిన బ్రష్షు పెట్టె అడుగున దొరికిందట. కుచ్చు ఊడలేదు, బాగానే ఉంది, అలాగే వాడుకోవచ్చా అని. వద్దు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గుర్రపు వెంట్రుకలతో చవగ్గా చేసిన షేవింగ్ బ్రష్షుల వల్ల ఇంగ్లండులో, అమెరికాలో మనుషులకి ఆంత్రాక్స్ సోకింది. పశువుల్లో దొమ్మ రోగం అంటామే, అదే. ఆ క్రిమి బీజాలు ఎన్నో ఏళ్లు చావకుండా ఉంటాయి, ఇంట్లో చేసే కడుగుడుకి లొంగుతాయని నమ్మలేం. మీ బ్రష్షులో అది ఉందని అనడం లేదు. గడ్డం గీసుకునే ముఖం మీద గాట్లు పడతాయి కాబట్టి అంత పాత వెంట్రుకలు అక్కడ పెట్టొద్దు అంటున్నాను. కత్తిరించి దుమ్ము రేపొద్దు, దువ్వొద్దు, అతికించొద్దు. బ్రష్షుని అలాగే సంచిలో చుట్టి, ముత్తాత ఫోటో పక్కన దాచుకోండి.

కొత్త కుచ్చు తెప్పించే ముందు, పిడిలో అది దిగే గుంట కొలత తీసుకోవాలి. సన్న కొలతలు తీసే వెర్నియర్ లేకపోతే రూపాయి బిళ్ల చాలు. 2012 నుంచి 2018 దాకా ఏదో ఒక సంవత్సరం వేసి ఉన్న రూపాయి అడ్డం దాదాపు 22 మి.మీ. అది పిడి గుంటలోకి సరిగ్గా దిగితే 22 కుచ్చు తెప్పించండి. దిగకపోతే 20.

ఇక జిగురు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

నలుగురిలో ముగ్గురు నన్ను అడగకుండానే కిళ్లీ కొట్లో దొరికే సూపర్ గ్లూ చిన్న ట్యూబు తెచ్చి కుచ్చు అతికించేశారు. "చిటికెలో అతుక్కుంది మాస్టారూ" అని సంతోషంగా చెప్పారు కూడా. చిటికెలో అతుక్కోవడమే దాంతో చిక్కు. ఆ జిగురు గట్టిపడేది తేమతో. మన గాలిలో తేమకి కొదవ లేదు కాబట్టి కుచ్చు వంకరగా దిగిందని మీరు గమనించేలోపే రాయైపోతుంది. రెండోది, అది దాదాపు నీళ్లంత పల్చగా ఉంటుంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు వెంట్రుకలు దాన్ని పైకి పీల్చేస్తాయి. పైన మెత్తగా, మొదట్లో అర అంగుళం కర్రలా ఉండే బ్రష్షు తయారవుతుంది. అది గడ్డానికి పనికిరాదు, గిన్నెలు తోముకోవచ్చు. మూడోది, ఆ అతుకు పెళుసు. రోజూ వేడి నీళ్లు, సబ్బు తగిలితే కొన్నాళ్లకే మళ్లీ మీ చేతిలో కుచ్చు. నాలుగోది, దాని ఆవిరి నల్ల పిడి మీద బూజులా తెల్లటి పొర కడుతుంది.

ఐదోది నా స్వానుభవం. అంచు మీద ఒలికిన చుక్కని భుజం మీదున్న పొందూరు ఖద్దరు కండువాతో తుడిచాను. ఆ జిగురు నూలు మీద పడితే వేడెక్కుతుందని అప్పటికి నాకు తెలియదు. సన్నగా పొగ లేచింది, బొటనవేలు బొబ్బెక్కింది, కండువాకి చిల్లు పడింది. వాలుగ చేప దవడతో ఏకి తీసిన సన్న నూలు అది. వేలు వారంలో మానింది.

సరే, అతికించేశారు, ఇప్పుడెలా వదిలించాలి? సూపర్ గ్లూని కరిగించేది అసిటోన్, అంటే చాలా నెయిల్ పాలిష్ రిమూవర్లలో ఉండే ద్రవం. అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌ని కూడా కరిగిస్తుంది. మీ పిడి సెల్యులాయిడ్‌ది అయితే జిగురుతో పాటు పిడీ పోతుంది. ఏది ఏదో తెలియాలంటే పిడిని బొటనవేలితో గట్టిగా, వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, దాని తయారీలో నిజంగానే కర్పూరం పడుతుంది. ఘాటైన ఆసుపత్రి మందు వాసన వస్తే బేకలైట్ అనే ఇంకో పాత ప్లాస్టిక్. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ కూడా హారతి కర్పూరంలాగే భగ్గుమంటుంది. కాబట్టి అతికించేసిన ముగ్గురూ ఏమీ చెయ్యకండి. అది దానంతట అదే ఊడేదాకా వాడుకోండి, ఎలాగూ ఊడుతుంది.

వాడాల్సింది రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు. అరాల్డైట్ అని అడిగితే ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఇస్తారు, నేను గంటస్తంభం దగ్గర కొంటాను. ఐదు నిమిషాల్లో గట్టిపడేది కాకుండా నిదానంగా గట్టిపడే మామూలు రకం తీసుకోండి. వంకర సరిచేసుకోవడానికి టైము ఉంటుంది.

గుంటలోని పాత జిగురంతా సన్న స్క్రూడ్రైవరుతో గీకండి. లోపలి గోడని గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్దండి, నున్నటి గోడకి ఏదీ పట్టదు. పొడి గుడ్డతో తుడవండి. కుచ్చుని జిగురు లేకుండా ఒకసారి దింపి చూడండి. పాత కుచ్చయితే ఎంత లోతు దిగాలో దానిమీది సబ్బు మరక గీతే చెబుతుంది. కొత్త 22 కుచ్చయితే అంచు నుంచి వెంట్రుకల మొన దాకా 50 మి.మీ. ఉండేలా చూడండి. తగ్గితే చీపురు కట్టలా బిరుసుగా ఉంటుంది, పెరిగితే ముఖం మీద పడుకుంటుంది. నాకు 52 ఇష్టం, మా అబ్బాయికి 48. గుంట మరీ లోతుగా ఉంటే అడుగున స్టీలు వాషర్లు వేసి మట్టం సరిచేయండి.

రెండు ట్యూబుల నుంచీ శనగగింజంత చొప్పున సమానంగా తీసి రెండు నిమిషాలు కలపండి. జిగురు రాయాల్సింది కుచ్చుకి కాదు, గుంట గోడకి. అది కూడా పై అంచుకి 3 మి.మీ. కిందే ఆపాలి, కుచ్చు దిగేటప్పుడు జిగురు పైకి పాకుతుంది. వెంట్రుకలకి ముందే టేపు చుట్టి పెట్టుకోండి.

ఇంకొకటి. బిగుతుగా దిగే కుచ్చు కింద గాలి సిరంజిలో ఇరుక్కున్నట్టు ఇరుక్కుంటుంది. రాత్రి సరిగ్గా పెట్టి పడుకుంటారు, పొద్దున్న చూస్తే రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. అందుకని కుచ్చు అడుగు బిళ్ల పక్కన ఆకురాయితో ఒక నిలువు గీత గీస్తాను, గాలి అందులోంచి పోతుంది. కుచ్చుని నెమ్మదిగా తిప్పుతూ దింపండి. దింపాక తలుపు ద్వారబంధానికి ఎదురుగా పెట్టి నిటారుగా ఉందో లేదో చూడండి, పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. తర్వాత ముట్టుకోవద్దు. రెండు రోజులు నీళ్లు తగలనివ్వొద్దు, వానాకాలం అయితే నేను మూడు రోజులు ఆగుతాను.

అభ్యాసం: అసలు బ్రష్షు ఇప్పుడే ముట్టుకోకండి. కొబ్బరి పీచు చిన్న కట్టలు ఐదు కట్టి, ఒక్కోదాని మొదలు దారంతో బిగించి, మందు సీసాల ఐదు మూతల్లో పైన చెప్పినట్టు అతికించండి. రెండు రోజులయ్యాక హ్యాక్సా బ్లేడుతో ఐదింటినీ నిలువునా కోసి చూడండి. మూత గోడకీ కట్టకీ మధ్య ఎక్కడా బుడగ లేకుండా ఉండాలి, జిగురు పీచులో గోరంత ఎత్తుకి మించి ఎక్కకూడదు. ఐదులో నాలుగు బాగుంటే మీ తాతగారి బ్రష్షు తియ్యండి. మూడే బాగుంటే ఇంకో ఐదు కొబ్బరి పీచు కట్టలు. పిడి పాలిష్ వచ్చే పాఠంలో, ఈసారి నిజంగానే.