తొలి ప్రొఫెషనల్ రగ్బీ సీజన్‌కు ముందు జాగ్రత్తలు

మొదటి కాంట్రాక్ట్ చేతికొచ్చింది. సీజన్ మొదలవడానికి ఇంకా కొన్ని వారాలుంది. ఈ రోజుల్లో మీ చుట్టూ అందరూ బరువు గురించి, జిమ్ గురించి, పరుగు టైమింగ్ గురించే మాట్లాడతారు. అవి చూసుకోవడానికి క్లబ్‌లో మనుషులున్నారు. మీ తల సంగతి, మీ కాగితాల సంగతి మాత్రం ముందుగా మీరే పట్టించుకోవాలి.

2003లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో హుకర్, అంటే ముందు వరుస మధ్యలో ఆడేవాడు, స్టీవ్ థాంప్సన్. 2020లో, 42 ఏళ్ల వయసులో, తనకు అప్పుడే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) మొదలైందని, ఆ కప్ గెలిచిన సంగతే గుర్తులేదని చెప్పాడు. ఆయన ఆడిన రోజులకూ ఇప్పటికీ నిబంధనలు చాలా మారాయి. కానీ ఆటగాడు దెబ్బను దాచిపెడితే ఏ నిబంధనా పనిచేయదు. అందుకే తల గురించి కాస్త ఎక్కువగా చెప్తాను.

సీజన్‌కు ముందు డాక్టర్ ఒక పరీక్ష పెడతారు. పది పదాలు చదివి తిరిగి చెప్పమంటారు. అంకెలు వెనక నుంచి చెప్పాలి, నెలల పేర్లూ వెనక నుంచే. తర్వాత ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తాకేలా గీత మీద నడవాలి. సీజన్‌లో తలకు దెబ్బ తగిలిన రోజున ఇవే మళ్లీ అడిగి, ఇవాళ్టి మార్కులతో పోల్చి చూస్తారు. "ఇప్పుడు కావాలనే తక్కువ తెచ్చుకుంటే, రేపు దెబ్బ తగిలినా పాసైపోవచ్చు" అని డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. దయచేసి ఆ మాట వినకండి. మీ మెదడుకు కాపలా కాసే కొలతను మీ చేత్తో మీరే పాడు చేసుకున్నట్టవుతుంది. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోయి, మనసు పెట్టి రాయండి.

మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే పెద్ద స్థాయి ఆటలో 12 నిమిషాలు బయటికి పంపి పరీక్షిస్తారు. స్పృహ తప్పినా, కాళ్లు తడబడుతున్నట్టు స్పష్టంగా కనిపించినా పరీక్షతో పని లేదు, ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. కన్‌కషన్, అంటే దెబ్బకు మెదడు అదిరింది, అని తేలితే దశలవారీగానే తిరిగి రావాలి. 2022లో ఈ నిబంధన గట్టిపడింది కాబట్టి చాలామందికి తర్వాతి మ్యాచ్ పోతుంది. పోనివ్వండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. లక్షణాలు ఒక్కోసారి మైదానంలో కాకుండా ఆ రాత్రో, మర్నాడో బయటపడతాయి. తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, ఊరికే చిరాకు, అడిగిందే మళ్లీ అడగడం. ఇవి మీకు తెలియవు, పక్కనున్న వాళ్లకు తెలుస్తాయి. మీతో ఉండేవాళ్లకు ఈ లక్షణాలు ఇప్పుడే చెప్పి ఉంచండి, క్లబ్ డాక్టర్ ఫోన్ నంబర్ ఇవ్వండి. మీరు వద్దన్నా ఫోన్ చేయమని మాట తీసుకోండి.

ట్యాకిల్‌లో, అంటే బంతితో పరిగెత్తేవాడిని పట్టి పడగొట్టేటప్పుడు, తలకు ఎక్కువ దెబ్బలు తగిలేది బంతి ఉన్నవాడికి కాదు, అతన్ని పడగొట్టబోయినవాడికి. తల ఎటు పెడుతున్నారన్నదే అసలు విషయం. బంతి ఉన్నవాడు పరిగెత్తే దారికి అడ్డంగా తల పెట్టారంటే మోకాలో, తుంటి ఎముకో నేరుగా కణతకు తగులుతుంది. తల అతని వెనక వైపు ఉండాలి, మీ చెంప అతని పిరుదుకు ఆనాలి. నడుము మాత్రమే వంచితే తల కిందికి వాలి కళ్లు నేల చూస్తాయి. మోకాళ్లు వంచండి, కళ్లు అతని షార్ట్స్ మీద ఉంచండి. ఏ భుజంతో ట్యాకిల్ మీకు సరిగా రాదో మీకు తెలుసు. ఈ వారాల్లో ఆ వైపే ఎక్కువ ప్రాక్టీస్ చేయండి, మొదట నడక వేగంతో. మెడ వ్యాయామాలు ముందు వరుస వాళ్లకే అనుకోవద్దు, అంచున పరిగెత్తే వింగర్‌కీ కావాలి.

పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీస్, అంటే మ్యాచ్‌లోలాగే గట్టిగా ఢీకొనే సాధన, వారానికి 15 నిమిషాలు దాటకూడదని ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ 2021లో సూచించింది. అది సూచనే కాబట్టి మీ క్లబ్ ఎంత చేయిస్తుందో ముందే అడగండి. కొత్తవాడినని మొహమాటపడొద్దు.

మౌత్‌గార్డ్ దంతవైద్యుడి దగ్గర మీ పళ్ల అచ్చు తీయించి చేయించుకోండి. తలకు తగిలే దెబ్బల తీవ్రత కొలిచే సెన్సర్ ఉన్నది క్లబ్ ఇస్తే ప్రాక్టీస్‌లో కూడా పెట్టుకోండి. రేజర్, టవల్ ఎవరితోనూ పంచుకోవద్దు. స్క్రమ్‌లో (రెండు జట్ల ముందువాళ్లు తలలు కలిపి తోసుకునేటప్పుడు) చెంపకు చెంప రాసుకుని అంటుకునే హెర్పిస్ పొక్కులు జట్టంతా పాకుతాయి. సప్లిమెంట్ల విషయంలో ఒక్కటే చెప్తాను. డబ్బాలో నిషేధిత పదార్థం కలిసిందని మీకు తెలియకపోయినా, శాంపిల్‌లో దొరికితే బాధ్యత మీదే. బ్యాచ్ నంబర్‌తో సహా పరీక్షించినవే వాడండి, ఆ డబ్బా ఫోటో తీసి దాచుకోండి.

ఇక కాంట్రాక్ట్. సంతకానికి ముందు, ఇప్పటికే పెట్టేసి ఉంటే ఈ వారమే, ఆటగాళ్ల సంఘం లాయర్‌తో చదివించుకోండి. గాయపడితే ఎన్ని నెలలు జీతం వస్తుంది? ఆపరేషన్‌కు ముందు రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకునే హక్కు ఉందా? కెరీర్ ఆగిపోతే ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుంది, పాత గాయాలను మినహాయించిందా? వేల్స్ కెప్టెన్‌గా, బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్లను కలిపి ఆడించే లయన్స్ జట్టుకు రెండుసార్లు కెప్టెన్‌గా ఉన్న శామ్ వార్‌బర్టన్ శరీరం సహకరించక 2018లో 29 ఏళ్లకే ఆట మానేశాడు. అంతటివాడికే అలా జరిగింది.

క్లబ్ పేరు చూసి ధీమా పడొద్దు. 2022 అక్టోబరులో ఇంగ్లండ్ క్లబ్బులు వూస్టర్ వారియర్స్, వాస్ప్స్ డబ్బు సమస్యలతో కుప్పకూలి, వాటి ఆటగాళ్లు సీజన్ మధ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2023 జూన్‌లో లండన్ ఐరిష్ అనే ఇంకో క్లబ్ లీగ్ నుంచి సస్పెండ్ అయింది. కాబట్టి కొన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మీ స్కాన్లు, తలకు తగిలిన ప్రతి దెబ్బ రికార్డు, సీజన్ ముందు పరీక్ష మార్కులు, వీటి కాపీలు అడిగి తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. క్లబ్ మూతపడినా, మీరు మారినా, కొత్త డాక్టర్ మొదట అడిగేవి ఆ కాగితాలే.