పీరియడ్స్ నొప్పి: నాకు పనిచేసిన తిండి మార్పు

మొదటి రోజు పొత్తికడుపు మెలిపెట్టేసేది, నడుము లాగేసేది. వేడి కాపడం, కాఫీ మానేయడం, ఆ రోజు పస్తుండటం, అన్నీ అరకొరే.

గర్భాశయాన్ని గట్టిగా బిగుసుకునేలా చేసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనాలు. ఒమేగా-6 కొవ్వు నుంచి వచ్చేవి ఘాటైనవి, ఒమేగా-3 నుంచి వచ్చేవి నెమ్మదైనవి. అందుకే నొప్పి మొదలయ్యాక కాకుండా నెల పొడుగునా తిండి మార్చాను. ముందు ఒమేగా-6 తగ్గేలా వేపుళ్లు, ప్యాకెట్ చిరుతిళ్లు తగ్గించాను. తర్వాత ఒమేగా-3 కోసం వారానికి రెండుసార్లు చేప, మిగతా రోజుల్లో చెంచాడు అవిసె గింజల పొడి. గింజలు అలాగే మింగితే సరిగా అరగవు, పొడి కొట్టాల్సిందే. చివరగా, డేట్ దగ్గరపడగానే అల్లం మరిగించిన నీళ్లు.

వెంటనే తేడా తెలియలేదు. నెలలు గడిచాక మాత్రల అవసరం బాగా తగ్గింది. తగ్గించింది చేపో, అల్లమో, రెండూనో చెప్పలేను. అందరికీ పనిచేస్తుందనీ అనను. నొప్పి పోనుపోను పెరుగుతుంటే మాత్రం ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉందేమో డాక్టర్‌కి చూపించుకోండి, తిండితోనే నెట్టుకురావద్దు.