డిజిటల్ ఆటల గురించి జనంతో మాట్లాడాలంటే

నేను సిద్ధాంతాలతో మొదలుపెట్టను. గీతకు ఆనీ ఆననట్టు పడిన టెన్నిస్ బంతిని తెర మీద ఆపి, "లోపలా, బయటా?" అని అడుగుతాను. హాలు రెండుగా చీలిపోతుంది. అప్పుడు చెప్పండి: 2025 నుంచి వింబుల్డన్‌లో, బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పే లైన్ జడ్జిలు లేరు, తీర్పు కెమెరాల వ్యవస్థదే. రీప్లేలో కనిపించే గుర్తు ఫొటో కాదు, కంప్యూటర్ లెక్కగట్టి గీసిన బొమ్మ. ఇక్కడ కాసేపు ఆగండి. "మరి తప్పయితే ఎవరిని అడగాలి?" అని వాళ్లే అంటారు. ఆ ప్రశ్న మీరు వేయొద్దు.

ఈ-స్పోర్ట్స్‌కు, అంటే పోటీగా ఆడే వీడియో గేమ్‌లకు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పతకాలిచ్చారు కాబట్టి "అదీ ఆటేనా" అన్న వాదన త్వరగా ముగించండి. ఫుట్‌బాల్‌కు యజమాని లేడు, వీడియో గేమ్‌కు ఉంటాడు. ఒక్క అప్‌డేట్‌తో నియమాలు మార్చేయగలడు. నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇదే. సగం సమయం ప్రశ్నలకే ఉంచండి.