కొత్త పని చేతికి అలవాటు చేసుకోవడం ఎలా?

కీబోర్డు చూడకుండా టైప్ చేయడం నేర్చుకుంటున్నారనుకుందాం. రోజూ గంటసేపు కూర్చున్నా కొందరికి వేళ్లు దారిలో పడవు. చాలాసార్లు లోపం కష్టపడటంలో ఉండదు, సాధన చేసే తీరులో ఉంటుంది. ఏ కదలికను వదలాలి, దేన్ని ఆపాలి అని తేల్చడంలో మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అనే కణాల గుంపులది పెద్ద పాత్ర. అది నేర్చుకునే తీరుకు తగ్గట్టు సాధనను మలుచుకోవచ్చు.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. బేసల్ గాంగ్లియా నుంచి బయటికి వెళ్లే మాట మామూలుగా ‘ఆగు’ అనే. మనం ఊరికే కూర్చున్నా అందులోని గ్లోబస్ పాలిడస్ అనే భాగం కణాలు, మెదడు పైపొరకు సంకేతాలు చేరవేసే థాలమస్‌ను అణచిపెట్టే ఉంచుతాయి. ఒక పని ఎంపికైనప్పుడు బేసల్ గాంగ్లియాలోనే ఉండే స్ట్రయేటమ్ అనే మరో భాగం కణాలు ఆ పని మేరకు ఈ బ్రేకును సడలిస్తాయి. ఇది ప్రత్యక్ష మార్గం. పరోక్ష మార్గం, పోటీకొచ్చే మిగతా కదలికలను ఆపుతుందని భావిస్తారు. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఊరుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. 2013లో చిట్టెలుకలపై చేసిన ప్రయోగంలో మాత్రం కదలిక మొదలయ్యేటప్పుడు రెండూ కలిసే చురుగ్గా కనిపించాయి.

మొదటి అడుగు: పనిని చిన్న ముక్క చేసి, ప్రతిసారీ ఒకేలా మొదలుపెట్టండి. వేళ్లు మధ్య వరుస మీద పెట్టాకే మొదటి అక్షరం. ఆ ఆరంభమే తర్వాత అలవాటును లేపే సూచన అవుతుంది.

రెండో అడుగు అన్నిటికంటే ముఖ్యం: చేసింది ఒప్పో తప్పో వెంటనే తెలియాలి. మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులతో చేసిన పరిశోధనల్లో, అనుకోకుండా పళ్లరసం దొరికితే డోపమైన్ అనే రసాయనంతో సంకేతాలు పంపే మెదడు కణాలు గట్టిగా స్పందించాయి. ముందే తెలిసిన రసం వస్తే పెద్దగా స్పందన లేదు. రావాల్సింది రాకపోతే మామూలుకంటే తగ్గాయి. అంటే డోపమైన్ చెప్పేది సంతోషం గురించి కంటే, అంచనాకీ ఫలితానికీ ఉన్న తేడా గురించి. స్ట్రయేటమ్‌లో కణాల మధ్య బంధాలు ఆ తేడాను బట్టే బలపడతాయి, బలహీనపడతాయి. కాబట్టి పేజీ మొత్తం కొట్టి చివర్లో తప్పులు వెతకడం వృథా, ప్రతి అక్షరం తెరమీద కనబడాలి. పాఠం మరీ తేలికైతే తేడా ఉండదు, అన్నీ తప్పులైతే బలపరచడానికేమీ దొరకదు. ఎక్కువసార్లు ఒప్పు, అప్పుడప్పుడు తప్పు వచ్చేంత కష్టం చాలు.

మూడో అడుగు, మొదట్లో కాస్త తేడాలు రానివ్వండి. వేగం, చేతి కోణం మార్చి చూడండి. పాట నేర్చుకునే జీబ్రా ఫించ్ పిల్ల పక్షుల్లో బేసల్ గాంగ్లియాతో ముడిపడిన ఇలాంటి మెదడు వలయమే పాటలో చిన్నచిన్న మార్పులు తెస్తుంది. దాన్ని ఆపేస్తే పాట ఒకే మూసలో పడుతుంది.

నాలుగు: ముక్కలను కలపండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మెదడు శాస్త్రవేత్త ఆన్ గ్రేబియల్ బృందం ఎలుకలను దారి నేర్పే పెట్టెలో పరుగెత్తించింది. అలవాటు కుదిరాక స్ట్రయేటమ్ కణాల చురుకు ఎక్కువగా పరుగు మొదట్లో, చివర్లో పోగుపడింది. అక్షరాల నుంచి మాటలకు, మాటల నుంచి వాక్యాలకు వెళ్లండి. కిందికి చూసే పాత అలవాటు వదలకపోతే పట్టుదలతో పోరాడకండి. చేతుల మీద గుడ్డ కప్పితే సరి, అసలు సూచనే మాయమవుతుంది.

రాత్రి సరిగ్గా నిద్రపోండి, నేర్చుకున్నది కుదురుకుంటుంది.

ఇదంతా బేసల్ గాంగ్లియా ఒక్కటే చేయదు. కదలికలోని గురి, సమయం సరిచేయడంలో చిన్నమెదడు కూడా ఉంది. పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్ కణాలు నశించి కదలిక మొదలుపెట్టడమే కష్టమవుతుంది. ఎప్పుడూ లేనంత నెమ్మది, వణుకు కనిపిస్తే సాధన పెంచడం కాదు, న్యూరాలజిస్టును కలవాలి.

ఎప్పుడు ముందుకెళ్లాలో తేల్చడానికి ఒక పరీక్ష: ఎవరితోనైనా మాట్లాడుతూ అదే వాక్యం కొట్టండి. వేగం పెద్దగా తగ్గకపోతే తర్వాతి పాఠం మొదలుపెట్టండి.