మాన్యువల్ తీసి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టాక వచ్చే తేడాలు: సమస్య, కారణం, పరిష్కారం

మాన్యువల్ కారుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్కించాక ఏ తేడా వచ్చినా అందరి అనుమానమూ ముందు గేర్‌బాక్స్ మీదికే పోతుంది. "పాత బాక్స్ కదా, లోపల పోయుంటుంది" అని దించి విప్పేస్తారు. డోనర్ కారులో (బాక్స్ తీసుకొచ్చిన కారులో) బాగా నడిచిన బాక్స్ ఇక్కడికి రాగానే మొరాయిస్తే, తప్పు చాలావరకు దాని లోపల ఉండదు. పాత కారూ కొత్త బాక్సూ కలిసే చోట్ల ఉంటుంది: టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే గుండ్రటి డబ్బా) కూర్చున్న తీరు, ఆయిల్, కూలర్, వైరింగ్, కేబుళ్లు, ఎర్త్. వీటిలో చాలావాటిని బాక్స్ దించకుండానే చూడొచ్చు. అవన్నీ సరిగా ఉన్నాయని తేలేదాకా బాక్స్ విప్పొద్దు.

ఏ పరీక్ష చేసినా చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగాకే చేయండి. కేబుల్ సర్దుబాటు పూర్తికాని కారులో లివర్ పి (పార్క్) లో ఉన్నంత మాత్రాన బాక్స్ కూడా పి లో ఉన్నట్టు కాదు.

బెల్ హౌసింగ్ (బాక్స్ ముందుండే గంట ఆకారపు కవచం) ఇంజిన్‌కు ఆనడం లేదు. లేదా బిగించాక ఏ గేర్‌లోనూ కదలడం లేదు

మార్పిడిలో ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే. టార్క్ కన్వర్టర్ మూడు చోట్ల కూర్చోవాలి: ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల (పళ్ల గాడుల) మీద, స్టేటర్ స్ప్లైన్ల మీద, ఆయిల్ పంపు గేరులో. మొదటి రెండూ తేలిగ్గానే పడతాయి. మూడోది పడిందో లేదో చూసుకోకుండా బాక్స్ ఎక్కిస్తే హౌసింగుకూ ఇంజిన్‌కూ మధ్య వేలెడు సందు మిగులుతుంది. దాన్ని బోల్టులతో లాగి మూసేస్తే పంపు గేరు పగులుతుంది. ఇంజిన్ అంటుకున్నాక ప్రెషర్ రాదు, కారు కదలదు, ఆయిల్ పాన్‌లో లోహపు తునకలు కనిపిస్తాయి.

ఎక్కించే ముందు కన్వర్టర్‌లో ఒకటి, ఒకటిన్నర లీటర్ల ఆయిల్ పోయండి. బాక్స్ ముక్కు కాస్త పైకి ఉండేలా పెట్టి, కన్వర్టర్‌ను రెండు చేతులతో పట్టుకుని, లోపలికి నెడుతూ మెల్లగా తిప్పండి. "టక్" మని ఒకసారి లోపలికి జారుతుంది, తిప్పుతుంటే మళ్లీ జారుతుంది, చివరికి పంపు గేరులో పడి ఇంకాస్త దిగుతుంది. ఆ చివరి మెట్టు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత హౌసింగ్ అంచు మీద నిటారు పట్టీ అడ్డంగా పెట్టి కన్వర్టర్ బోల్టుల చోటు ఎంత లోపల ఉందో కొలిచి రాసుకోండి. ఎక్కించేటప్పుడు కన్వర్టర్ ముందుకు జారకుండా తాడుతోనో పట్టీతోనో కట్టండి.

హౌసింగ్ చేతి బలంతోనే ఇంజిన్‌కు పూర్తిగా ఆనాలి. ఆనాక, ఫ్లెక్స్‌ప్లేట్‌కు (ఫ్లైవీల్ బదులు ఇంజిన్ చివర వచ్చే పలుచని పలకకు) బిగించక ముందు కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ మధ్య సాధారణంగా 2 నుంచి 5 మి.మీ. సందు ఉండాలి. సందు అసలే లేకపోతే కన్వర్టర్ కూర్చోలేదు, లేదా క్రాంక్ షాఫ్ట్ చివర పాత మాన్యువల్ పైలట్ బేరింగ్ అలాగే ఉండి కన్వర్టర్ ముక్కును అడ్డుకుంటోంది. ఆ బేరింగ్ పీకేయండి. సందు మరీ ఎక్కువైతే కన్వర్టర్ మెడ పంపు గేరులో తగినంత లోతున ఉండదు. అప్పుడు అన్ని బోల్టుల దగ్గరా ఒకే మందం వాషర్లు పెట్టి సందు తగ్గించాలి.

ఇక్కడే రెండు బోల్టు పొరపాట్లు జరుగుతాయి. ఫ్లైవీల్ బోల్టులు ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టుల కంటే పొడవు. వాటినే వాడితే కొస అడుగుకు తగిలి, ప్లేట్ బిగిసినట్టే అనిపిస్తుంది గానీ వదులుగానే ఉంటుంది. కన్వర్టర్‌కు పొడవు బోల్టు వేస్తే అది ముందు కవర్‌ను లోపలికి నొక్కుతుంది. ఆ నొక్కు సరిగ్గా లాకప్ క్లచ్ (నిలకడ వేగంలో కన్వర్టర్‌ను ఇంజిన్‌తో నేరుగా కలిపే క్లచ్) ఆనే చోట పడుతుంది. తర్వాత హైవేలో వచ్చే వణుకుకు అదే కారణమవుతుంది, ఇక కన్వర్టర్ మార్చడం తప్ప దారి లేదు.

తాళం తిప్పితే సెల్ఫ్ తిరగదు. లేదా ఏ గేర్‌లో ఉన్నా తిరుగుతుంది

చాలా మాన్యువల్ కార్లలో క్లచ్ పెడల్ నొక్కితేనే స్టార్టర్ రిలేకు కరెంటు వెళ్తుంది. పెడల్ తీసేశారు కాబట్టి ఆ దారి తెగింది. చాలామంది రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేస్తారు. అలా చేయకండి. లివర్ డి (డ్రైవ్) లో ఉండగా సెల్ఫ్ కొడితే కారు ముందుకు దూకుతుంది, ముందు నిలబడ్డ మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు.

సరైన పద్ధతి: ఆ రెండు వైర్లను బాక్స్ పక్కనున్న న్యూట్రల్ స్విచ్ గుండా పంపాలి. మల్టీమీటర్‌ను కంటిన్యూటీలో పెట్టి, లివర్ ఒక్కో స్థానానికి మారుస్తూ స్విచ్ పిన్నులు చూడండి. పి, ఎన్ (న్యూట్రల్) లలో మాత్రమే కలిసే జత స్టార్టర్‌కు. ఆర్ లో మాత్రమే కలిసే జత రివర్స్ లైటుకు. మాన్యువల్ బాక్స్ మీది రివర్స్ లైటు స్విచ్ వైర్లు దానికి కలపాలి. కొన్ని కార్లలో క్లచ్ పెడల్‌కు క్రూయిజ్ కంట్రోల్ కోసం రెండో స్విచ్ ఉంటుంది. దాని వైర్లను పెడల్ నొక్కనప్పుడు ఉండే స్థితిలో ఉంచాలి. వైరింగ్ డయాగ్రం చూడకుండా ఏదీ కత్తిరించొద్దు.

ఎన్ లో తిరిగి పి లో తిరగకపోతే ముందు షిఫ్ట్ కేబుల్ సరిచేయండి, తర్వాతే స్విచ్‌ను. వరుస తిరగేస్తే స్విచ్ తప్పుడు చోట కుదురుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

సెల్ఫ్ తిరుగుతుంది కానీ పళ్లు గీరుకుంటున్న శబ్దం వస్తే ఫ్లెక్స్‌ప్లేట్ రింగ్ పళ్ల సంఖ్య, వ్యాసం పాత ఫ్లైవీల్ రింగుతో పోల్చండి. చాలా ఇంజిన్లకు ఆటోమేటిక్ స్టార్టర్ వేరే ఉంటుంది.

సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజిన్ అంటుకోదు

రెండు కారణాలు ముందు చూడాలి. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ చదివే గాడులు ఫ్లైవీల్ మీదే ఉంటాయి. వేరే ఫ్లెక్స్‌ప్లేట్ వేస్తే ఆ గాడులు ఉండవు, లేదా లెక్క మారుతుంది, స్పార్క్ రాదు. సెల్ఫ్ తిప్పుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి, సున్నా చూపిస్తే అదే. రెండోది ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే తాళం వ్యవస్థ): డోనర్ కారు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్టి, దాని తాళంచెవి చిప్పు, ఇమ్మొబిలైజర్ పెట్టె తెచ్చుకోకపోతే ఈసీయూ కొత్త కారును గుర్తించదు. మూడూ ఒకే కారువై ఉండాలి, లేదా ప్రోగ్రామింగ్ చేయించాలి.

డి లో పెట్టాక ఆలస్యంగా పట్టుకుంటోంది, ఈలలాంటి శబ్దం వస్తోంది

ఆయిల్ తక్కువైంది. పాన్ విప్పితే వచ్చే 3 నుంచి 5 లీటర్ల లెక్కతో పోస్తే, ఖాళీ కన్వర్టర్, కూలర్, పైపులు ఉన్న బాక్స్‌కు చాలదు. పూర్తిగా ఖాళీగా ఉన్న బాక్సుల్లో చాలావాటికి 7 నుంచి 10 లీటర్ల దాకా పడుతుంది. ముందు నాలుగైదు లీటర్లు పోసి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే ఉంచి, వెంటనే మిగతాది కొంచెం కొంచెంగా పోస్తూ లివర్‌ను ప్రతి స్థానంలో కొన్ని సెకన్లు ఆపండి. రేస్ ఇవ్వొద్దు.

మట్టం చూసే పద్ధతి బాక్స్‌ను బట్టి మారుతుంది. ఎక్కువ బాక్సుల్లో ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ తిరుగుతుండగా, పి లో చూడాలి. హోండా బాక్సుల్లో చాలావాటికి ఇంజిన్ ఆపిన 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. డిప్‌స్టిక్ లేని జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీ లాంటి వాటిలో ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండగా, ఇంజిన్ నడుస్తుండగా, ఫిల్లర్ రంధ్రం నుంచి సన్నగా కారే వరకు పోయాలి. ఎక్కువ పోస్తే నురగ వచ్చి బ్రీదర్ (బాక్స్ గాలి గొట్టం) గుండా బయటికి కొడుతుంది. ఆ నురగలో ప్రెషర్ నిలవక మళ్లీ ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఆయిల్ గోధుమ రంగుకు తిరిగింది, మాడు వాసన

మాన్యువల్ కారు రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ ఉండదు. బాక్స్ నుంచి వచ్చే రెండు పైపులను ఒకదానికొకటి కలిపేసి నడిపితే ఆయిల్ చల్లబడే దారే ఉండదు. ఆటోమేటిక్ రేడియేటర్ పెట్టాలి, లేదా ముందు గాలి తగిలేచోట విడి కూలర్ బిగించాలి. గొట్టాలు ఆటోమేటిక్ ఆయిల్‌కు తగినవే వాడండి. ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య తిరిగితే మంచిదే. తరచూ 120 దాటితే క్లచ్ పొరలకూ సీళ్లకూ ఆయుష్షు తగ్గుతుంది.

కూలర్ పెట్టినా వేడెక్కుతుంటే ప్రవాహం చూడండి. తిరుగు పైపు విప్పి డబ్బాలో పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో నడపండి. అర నిమిషంలో సుమారు లీటరు రాకపోతే కూలర్ పూడిపోయింది. పగిలిన బాక్స్ తునకలు ఉన్న పాత కూలర్‌ను కడిగి నమ్మడం కంటే కొత్తది వేయడమే మేలు.

ఆయిల్ స్ట్రాబెర్రీ పాల రంగులోకి మారితే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. బండి వెంటనే ఆపండి. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ పొరల జిగురును ఊడదీస్తుంది. ఎంత కడిగినా బాక్స్ పూర్తిగా కోలుకుంటుందన్న భరోసా లేదు.

ఒకే గేర్‌లో ఉండిపోయింది, వార్నింగ్ లైటు వెలుగుతోంది

ఇది బాక్స్ తనను తాను కాపాడుకునే స్థితి. గేర్‌బాక్స్ కంట్రోలర్‌కు నమ్మదగ్గ సమాచారం రాకపోతే సోలెనాయిడ్లకు (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే కవాటాలకు) కరెంటు ఆపేసి ఏదో ఒక గేరుకు, చాలాసార్లు మూడుకో రెండుకో, పరిమితం చేస్తుంది. స్కానర్ పెట్టండి. పీ0705 అయితే గేర్ స్థానం స్విచ్, పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్. యూ0100, యూ0101 వస్తే ఈసీయూ, గేర్‌బాక్స్ కంట్రోలర్ మధ్య మాటలే నడవడం లేదు.

కోడ్ నమ్మి సెన్సర్ కొనే ముందు ఎర్త్ పరీక్షించండి. ఇంజిన్ ఎర్త్ పట్టీ చాలా కార్లలో పాత గేర్‌బాక్స్ బోల్టుకే బిగించి ఉంటుంది. బాక్స్ మార్చేటప్పుడు మర్చిపోవడం సర్వసాధారణం. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, మరో కొస గేర్‌బాక్స్ ఒంటి మీద పెట్టి సెల్ఫ్ తిప్పించండి. సుమారు 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. ఎర్త్ దొరకని స్టార్టర్ కరెంటు షిఫ్ట్ కేబుల్ గుండా పారి దాన్ని మాడ్చేస్తుంది కూడా.

ఈసీయూ మాన్యువల్‌దే ఉంచేసిన కార్లలో మరో చిక్కు ఉంది. గేర్ మారే క్షణంలో కంట్రోలర్ ఇంజిన్ టార్క్ తగ్గించమని అడుగుతుంది. మాన్యువల్ ఈసీయూకు ఆ మాట అర్థం కాదు. ఫలితం: ప్రతి గేరుకూ కుదుపు. డోనర్ ఈసీయూ పెట్టడం, లేదా ఉన్నదాన్ని ఆటోమేటిక్‌కు కోడింగ్ చేయించడం, రెండూ కుదరకపోతే విడి కంట్రోలర్ వాడటం, ఇవే దారులు.

పాత తరహా బాక్సుల్లో గేర్లు జారడం, ఆలస్యంగా మారడం

ఎలక్ట్రానిక్స్ లేని బాక్సుల్లో థ్రాటిల్ కేబుల్ ఎంత లాగితే లోపలి ప్రెషర్ అంత పెరుగుతుంది. జనరల్ మోటార్స్ 700ఆర్4 బాక్స్‌ను ఈ కేబుల్ కలపకుండా నడిపితే తక్కువ ప్రెషర్‌లో క్లచ్‌లు జారి త్వరగా మాడిపోతాయి. ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. టయోటా పాత బాక్సుల కేబుల్ మీద చిన్న స్టాపర్ ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ బూటు కొసకూ ఆ స్టాపర్‌కూ మధ్య 0 నుంచి 1 మి.మీ. ఉండాలి. ఈ కొలత ఇంజిన్ ఆపి, ఒకరు పెడల్ తొక్కుతుండగా చూడాలి.

డి లో పెట్టగానే ఇంజిన్ ఆగిపోతోంది

పి/ఎన్ సిగ్నల్ ఈసీయూకు చేరడం లేదు, కాబట్టి లోడ్ పడుతున్నా ఐడిల్ పెంచడం లేదు. ఆ వైరు కలపండి. డి లోకి బాగానే వెళ్లి, బ్రేక్ వేసి ఆగేటప్పుడే ఇంజిన్ ఆగిపోతుంటే లాకప్ విడవడం లేదు. లాకప్ సోలెనాయిడ్, బ్రేక్ స్విచ్ వైరు చూడండి.

అదురు, లోపల కొట్టుకుంటున్న శబ్దం

ఐడిల్‌లో కనెక్టింగ్ రాడ్ కొట్టుకున్నట్టు వినిపించి, డి లో పెట్టగానే మారితే పగిలిన ఫ్లెక్స్‌ప్లేట్ లేదా వదులైన కన్వర్టర్ బోల్టులు. ఇంజిన్‌కూ బాక్స్‌కూ మధ్య డోవెల్ పిన్నులు (రెండింటినీ ఒకే వరుసలో నిలిపే పిన్నులు) లేకపోతే ప్లేట్ మళ్లీ పగులుతుంది, ముందు సీలు కూడా కారుతుంది. వేగంతో పాటు పెరిగే అదురైతే ప్రాపెల్లర్ షాఫ్ట్ పొడవు, కోణాలు కొలవండి: ముందు వెనుక యూనివర్సల్ జాయింట్ల కోణాలు ఒక డిగ్రీ తేడాలోపు సమానంగా, ఒక్కోటి 3 డిగ్రీల లోపు ఉండాలి.

మిగిలిన చిన్నవి

లివర్ పి లో ఇరుక్కుపోతే బ్రేక్ లైటు స్విచ్ నుంచి షిఫ్ట్ లాక్‌కు వచ్చే వైరు, ఫ్యూజు చూడండి. స్పీడోమీటర్ తప్పు చూపిస్తే సెన్సర్ గేరు, డిఫరెన్షియల్ నిష్పత్తి కొత్త బాక్స్‌తో సరిపోలుతున్నాయో లేదో చూసుకోండి. బ్రేక్ ఆయిల్ కొద్దికొద్దిగా తగ్గుతుంటే బ్రేక్ డబ్బాకు ఉన్న పాత క్లచ్ గొట్టం నిపిల్ చూడండి. క్లచ్ మాస్టర్ సిలిండర్ తీసేటప్పుడు ఆ నిపిల్‌కు బిగుతైన మూత వేసి క్లిప్పు పెట్టాలి, డ్యాష్ గోడలో మిగిలిన రంధ్రాన్ని లోహపు పలకతో మూయాలి.