ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: ఆప్టిట్యూడ్ టెస్టును ఎలా వాడుకోవాలి?

ఒడిశాలో మన తెలుగువాళ్లుండే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఏటా ఒకటే గొడవ: ప్లస్ టూ సైన్సా, డిప్లొమానా, ఐటీఐనా? చివరికి పక్కింటి కుర్రాడు ఎటెళ్తే మనవాణ్ణీ అటే పంపేస్తాం. పిల్లలకు ఏ రకం పని తేలిగ్గా పట్టుబడుతుందో చూసే ఆప్టిట్యూడ్ టెస్టు ఇక్కడే కొంత అక్కరకొస్తుంది.

ముందు భాష సంగతి తేల్చుకోండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, టెస్టేమో చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. ప్రశ్న అర్థంకాక తప్పు పెట్టినా, జవాబు తట్టక తప్పు పెట్టినా పడేది అదే సున్నా. అందుకే పిల్లలు గబగబా చదవగలిగే భాషలో టెస్టు ఉందా అని అడగండి. లేకపోతే, మాటలతో నడిచే భాగాల్లో తక్కువొచ్చిందని బెంగపడకండి. బొమ్మల వరుసలో తర్వాతి బొమ్మ ఏదో కనిపెట్టే భాగం చూడండి. అది బాగుండి మాటల దగ్గర పడిపోయారంటే, అడ్డం పడింది భాషే కావచ్చు.

ఎక్కడ రాయించాలి? ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్ఈ కలిసి తెచ్చిన ‘తమన్నా’ 9, 10 తరగతుల వాళ్ల కోసం. అందులో భాష, లెక్కలు, యంత్రాల అవగాహన వంటి ఏడు భాగాలుంటాయి, పాస్ ఫెయిల్ ఉండవు. సీబీఎస్ఈ బడైతే హెడ్మాస్టరుగారిని అడగండి. మిగతావాళ్లు శిక్షణ ఉన్న కౌన్సెలర్ని చూసుకోవాలి. ఫోన్లో పది ప్రశ్నలడిగి ‘నువ్వు పుట్టు ఇంజనీరువి’ అని తేల్చేవి కాలక్షేపానికే.

టెస్టు రోజు నిద్ర చాలాలి, కళ్లద్దాలుంటే పెట్టుకోవాలి. నమూనా ప్రశ్నలు వదిలేయకూడదు.

అసలు తిప్పలు రిపోర్టు చేతికొచ్చాకే. నాకు తెలిసిన ఒకాయన కొడుకు రిపోర్టులో ‘60’ చూసి, ఫస్ట్ క్లాసే కదా అని సంబరపడ్డాడు. అది పర్సెంటైల్. అదే టెస్టు రాసిన నూరుమందిలో సుమారు 60 మంది కంటే ముందున్నాడని అర్థం, అంతే. ఆ నూరుమంది ఎవరో కూడా అడగండి: పట్నం ఇంగ్లీషు మీడియం పిల్లలతో పోల్చారా, మనలాంటి వాళ్లతోనా?

మొత్తం మార్కు పక్కనపెట్టి ఎత్తుపల్లాలు చూడండి. కాగితం మడిస్తే ఏ ఆకారం వస్తుందో ఊహించే భాగంలో ఎత్తుగా ఉంటే డ్రాఫ్ట్స్‌మన్ (ప్లాన్లు గీసే పని) కోర్సు, సివిల్ డిప్లొమా వంటివి ఆలోచించవచ్చు. మన పర్లాకిమిడి కొమ్ము బొమ్మల పనివాళ్లకు ఉండేదీ ఆ చూపే. కప్పీలు, పళ్లచక్రాల ప్రశ్నల్లో ఆడపిల్లకు తక్కువొస్తే తొందరపడి తీర్పు చెప్పొద్దు. సైకిల్ చైను ఊడితే ఎప్పుడైనా ఆమె చేతికిచ్చామా?

సామర్థ్యం వేరు, ఇష్టం వేరు. టెస్టు ఇష్టాన్ని కొలవదు. అందుకే రిపోర్టుతోపాటు బడి మార్కులు, టీచర్ల మాట, పిల్లల మనసులోది కలిపి రెండు మూడు దారులు రాసుకోండి. వాటిలో ఒకదాని వర్క్‌షాపుకో కాలేజీకో ఒక పూట తీసుకెళ్లి చూపించండి.

ఆఖరున ఒక్క పని. సరిహద్దు అవతలి పాతపట్నం నాలుగడుగులే కదా అని ఆంధ్రలో సీటు మీద ఆశపెట్టుకునేముందు, మీ పిల్లలు ఏ రాష్ట్రంలో స్థానికులవుతారో కనుక్కోండి. దాన్ని లెక్కకట్టేది ఎక్కువగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టే గాని, ఇంట్లో ఏ భాష మాట్లాడుతున్నారని కాదు.